ఈ వారం సమస్య: షేరు దిగినకొలది సిరులు పెరిగె

నిర్వాహకుడు:
నిన్న సాయంత్రం విశాఖ మద్దిలపాలెంలో ఆటో కోసం నిలబడ్డాను. పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఫోన్ చూసుకుంటూ "షేరు దిగిపోయింది రా, మొత్తం పోయింది" అనుకుంటున్నారు. ఇంటికి చేరేలోపు ఈ పాదం తయారైంది. దీన్ని చివరి పాదంగా ఉంచి, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. షేరు దిగితే సిరులు పోవాలి గానీ ఎలా పెరిగాయో మీరే చెప్పాలి. 'సేరు' అని మార్చేసి కొలపాత్ర మీదకు పోతే ఒప్పుకోను.

ఎంవీపీ కాలనీ:
ముందె యమ్ముకొనియె, మూల్యంబు తగ్గగా
తరుగు ధరకు దిరిగి తనకు దక్క,
షార్టు చేసినట్టి సాహసి యింటిలో
షేరు దిగినకొలది సిరులు పెరిగె.

షేరు పడుతుందని నమ్మినవాడు చేతిలో లేకపోయినా ముందే అమ్మేస్తాడు, పడ్డాక కొని లెక్క సరిచేస్తాడు. దీన్నే షార్టు చేయడం అంటారు. పాత విద్యే ఇది. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ షేర్ల మీద 1609లోనే ఐజాక్ లె మేర్ అనే వర్తకుడు ఈ పని చేశాడు. చేతిలో లేని షేర్లు అమ్మకూడదని 1610లో అక్కడ ఆజ్ఞ వేయాల్సి వచ్చింది.

గాజువాక:
గాజువాక దాక కదలెడి యాటోను
జనము నోటు తీసి చాచి యివ్వగ
తోలునట్టి యన్న తువ్వాలు మూటలో
షేరు దిగినకొలది సిరులు పెరిగె.

నా షేరు షేర్ ఆటో. మనూళ్లో "షేరెక్కి వచ్చాను" అంటే ఎవరికైనా తెలుస్తుంది. మార్కెట్ పడినా లేచినా ఈ అన్నకు రోజూ రాబడే.

భీమిలి మాస్టారు:
గాజువాక తమ్ముడూ, మూడో పాదం బాగుంది. చిల్లర తువ్వాల్లో మూట కట్టి సీటు కింద దోపుకోవడం నేను కళ్లారా చూసినదే. కానీ రెండో పాదం చివర 'యివ్వగ' ఏమిటి? ఒక లఘువు, అంటే ఒక పొట్టి అక్షరం, ఎక్కువ. పోయిన వారం 'పాలు విరిగి యింట పాలు మిగిలె' పూరణలోనూ సరిగ్గా పాదాంతంలోనే జారావు. పైగా తాగే పాలు, వాటా అనే అర్థంలో పాలు ఒకే మాట అని వాదించావు. అది నేనింకా మరిచిపోలేదు.

గాజువాక:
లఘువు ఒప్పుకుంటాను మాస్టారూ. పాల సంగతి మాత్రం ఒప్పుకోను. అన్నదమ్ములు విడిపోతే మొదట పంచుకునేది పాడి ఆవునే కదా.

పెందుర్తి:
దుక్కి యెద్దు లెదుట, తొలకరి జల్లులో
మన్ను చీల్చి యినుము మడిని దిరుగ,
కర్రు పేరు షేరె కద యాంగ్ల భాషలో,
షేరు దిగినకొలది సిరులు పెరిగె.

ఎంవీపీ కాలనీ:
చమత్కారం కొత్తది, మెచ్చుకుంటున్నాను. అయితే రెండు మాటలు. మూడో పాదంలో నిఘంటువు విప్పినట్టు విప్పేశారు, ధ్వనిగా, సూచనగా వదిలేస్తే అందం. రెండోది, నాగలి షేరు వేరు, వాటా షేరు వేరు. స్పెల్లింగు కలిసినంత మాత్రాన సరిపోతుందా?

నిర్వాహకుడు:
రెండో మాట సగమే నిజమండీ. పాత ఇంగ్లీషులో రెండు మాటలున్న మాట వాస్తవం. 'షెయర్' అంటే నాగలి కర్రు, 'షెయరు' అంటే కోత, కోసి విడదీసిన భాగం. రెండింటికీ తల్లి మాత్రం 'కోయు' అనే ఒకే క్రియ. గొర్రె ఉన్ని కత్తిరించడాన్ని ఇప్పటికీ 'షియర్' అంటారే, ఆ క్రియే. క్రైస్తవ సన్యాసులు నడినెత్తిన గొరిగించుకునే గుండునూ అప్పట్లో 'షెయరు' అనేవారు. 'పంచుకొను' అని క్రియగా వాడడం 16వ శతాబ్దం చివరికి గానీ రాలేదు. కంపెనీ వాటా, ఆటో, ఫోన్లో పంపే ఫొటో అన్నీ ఆ కోత తర్వాత వచ్చినవే. సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్నది కుర్రాళ్ల షేరు మాత్రమే. పెందుర్తి చెల్లెమ్మ దాన్ని పుట్టింటికి తీసుకెళ్లింది.

భీమిలి మాస్టారు:
మూడో పాదం విప్పకపోతే సగంమందికి అందదు, నాకు అందులో దోషం కనపడలేదు. 'మన్ను చీల్చి యినుము' దగ్గర మా నాన్న నాగలి గుర్తొచ్చింది. దుక్కి రోజుల్లో కర్రు మొన వెండిలా మెరిసేది, పది రోజులు సాలలో మూలన పడేస్తే ఎర్రగా తుప్పెక్కేది. మొన అరిగితే కమ్మరి కొలిమి దగ్గర కాల్చి సాగగొట్టించేవాళ్లం. కర్రు సరిగ్గా దిగకపోతే నాగటి చాలు పైపైనే పోయేది, విత్తనం నిలిచేది కాదు. దిగినకొలదీ సిరులే, అక్షరాలా.

తమ్ముడూ, ఇప్పుడు నీ పాలకొద్దాం. షేరూ షేరూ తోబుట్టువులై కూడా వేరైపోయాయి. మన పాలూ పాలూ పుట్టుకతోనే పరాయివి, రూపం ఒకటే. తమిళంలోనూ రెండూ 'పాల్' అనే అంటారు, అయినా భాషావేత్తలు బరో, ఎమెనోలు తమ ద్రావిడ నిఘంటువులో వేర్వేరు పద్దులుగానే వేశారు. వాటాదారుడైన పాలివాడికి తాగే పాలతో సంబంధం లేదు.

గాజువాక:
సరే మాస్టారూ, పద్దులు వేరైతే నా వాదన నిలవదు. పాదం దిద్దాను: 'జనము నోటు తీసి చాచి యివ్వ'. పెందుర్తి అక్కకు నా ఓటు.

ఎంవీపీ గారిని ఒకటి అడగాలి. మీ మూడో పాదంలో 'షార్టు' కూడా ఆ కోత వేరుదే. కోసేస్తే పొట్టిదవుతుంది కదా, షర్టు, స్కర్టు కూడా ఆ వంశమే. అక్కాచెల్లెళ్లను పక్కపక్క పాదాల్లో కూర్చోబెట్టారు. తెలిసే వేశారా?

ఎంవీపీ కాలనీ:
తెలియదు. 'సాహసి'కి యతి, అంటే 'షా'కూ 'సా'కూ అక్షరమైత్రి, కుదిరిందని వేశాను.