ఈసాఫగోగ్యాస్ట్రోడుయోడినోస్కోపీని ఎక్కడ విరవాలి?

ప్రశ్న: మొన్న అమ్మకి ఎండోస్కోపీ చేయించాం. రిపోర్టు పైన గూడ్సుబండంత పొడుగు మాట ఉంది. నాన్న గ్యాస్ట్రో దాకా చదివి కళ్ళజోడు తీసేశారు. దీన్ని ఎలా పలకాలండీ?

జవాబు: ముందు తెలుగులో రాసుకోండి, సగం భయం పోతుంది. ఈ-సా-ఫ-గో, గ్యా-స్ట్రో, డు-యో-డి-నో, స్కో-పీ. మొత్తం 12 అక్షరాలు, ఇంగ్లిషులోనూ 12 సిలబుల్సే. స్ట్రో సంశ్లేషాక్షరం, కానీ ‘స్త్రీ’ పలికే నాలుకకి అదో లెక్కా! ఇంగ్లిషువాళ్ళు ‘నా’ మీద ఊది చివర్న ‘స్కపీ’ అని తేల్చేస్తారు. మనం అన్నీ నిండుగా పలుకుతాం, మన డాక్టర్లూ అంతే. బ్రిటిష్ స్పెల్లింగు ‘ఓ’తో మొదలవుతుంది కాబట్టి కొన్ని రిపోర్టుల్లో ‘ఓజీడీ స్కోపీ’ అని ఉంటుంది. పూర్తిగా చదివేటప్పుడు మాత్రం ‘ఈ’ అనే.

ఇక విగ్రహవాక్యం. ఈసాఫగస్ అన్నవాహిక, గ్యాస్టర్ పొట్ట, డుయోడినమ్ ఆంత్రమూలం. ఈ మూడూ కలిసి ద్వంద్వం. వాటి ‘స్కోపీ’, అంటే వాటిని చూడటం, షష్ఠీ తత్పురుషం. గో, స్ట్రో, నోల్లోని ఓకారం అతుకు పెట్టే జిగురు. పేద+ఆలు ‘పేదరాలు’ అయినప్పుడు రేఫ వచ్చినట్టే, ఇదీ ఆగమమే.

ఇంకొకరు: మాస్టారూ, ఆగమం అని ఒక్కమాటలో తేల్చకండి. మిత్రవదాగమః, శత్రువదాదేశః అన్నారు కదా. గ్యాస్ట్రోలో ఓకారం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంది, సరే. ఈసాఫగోలో ‘అస్’ని లేపేసి కూర్చుంది. అది ఆదేశం.

జవాబు: ఒప్పుకున్నాను. గ్రీకు వ్యాకర్తలు ఏమంటారో గానీ, మన లెక్కలో మీదే రైటు.

నాకు వీటన్నిటికంటే ముద్దొచ్చేది డుయోడినమ్. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు పేగుల్లో ఆ మొదటి భాగాన్ని వేళ్ళ వెడల్పుతో కొలిచి ‘పన్నెండు వేళ్ళు’ అని గ్రీకులో పేరు పెట్టాడు. లాటిన్‌లోకి వచ్చేసరికి వేళ్ళు రాలిపోయి పన్నెండే మిగిలింది. ఇప్పటి కొలతలో సుమారు 25 సెంటీమీటర్లు.

ప్రశ్న వేసినవారు: పన్నెండు వేళ్ళంటే మన పాత కొలతలో 12 అంగుళాలు (వేలి వెడల్పులు, ఇంచీలు కావు), అంటే మన జానే కదండీ! అమ్మకి చెప్పాను. “జానెడు పొట్ట అని మేం ఊరికే అన్నామా? రిపోర్టులో ఏముందో అది చెప్పు ముందు” అంది.