చెల్లి డ్రగ్స్ వాడుతుంది. జరిగింది చెబితే తన మీదే కేసు పెడతారా?

తార్నాక అక్క:
నేనూ చెల్లీ ఒకే రూంలో ఉంటాం. తనకి 23. ఎండీఎంఏ వాడుతోందని నాకు తెలిసి ఆరు నెలలైంది. డబ్బుల్లేనప్పుడు ఒకడు అప్పుగా ఇస్తాడు. శనివారం రాత్రి వాడి ఫ్లాట్‌కి వెళ్లింది. ఆదివారం పొద్దున వచ్చేసరికి ఒక కాలికే చెప్పు ఉంది. ఏమీ మాట్లాడకుండా బట్టలు బకెట్‌లో సర్ఫ్ వేసి నానబెట్టింది. ఇవాళ చెప్పింది. వద్దన్నానని మాత్రం గుర్తుందట.

పోలీసుల దగ్గరికి పోదామంటే "ముందు నా రక్తమే టెస్ట్ చేసి నన్నే లోపలేస్తారు" అంటోంది. వాడూ అదే చెప్పి పంపాడట. నిజమేనా?

స్టాఫ్ నర్స్:
ఇవాళ సోమవారం, ఆస్పత్రికి వెళ్లడానికి రేపటిదాకా ఆగకండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా మాత్ర కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ప్రైవేటైనా సరే, వైద్యం ఉచితంగా చేయాలి. ఎఫ్‌ఐఆర్ తెమ్మని వెనక్కి పంపకూడదు. పోలీసులకి కబురు వెళ్తుంది, అది దాచను. కేసు వద్దంటే ఆ మాట కూడా రాసుకుంటారు. ఏం తీసుకుందో డాక్టర్‌కి దాచొద్దు. బట్టలు ఇక ఉతకొద్దు, నీడన ఆరబెట్టి పేపర్ కవర్‌లో పెట్టండి. ప్లాస్టిక్ వద్దు.

కోర్టు మెట్లు:
వాడినందుకు ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో, సెక్షన్ 27 ఉంది, లేదనను. కానీ తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరి పూర్తి చేస్తే 64ఎ కింద రక్షణ ఉంది. ఇక మత్తులో ఏం జరుగుతోందో తెలియని స్థితిలో "ఊ" అన్నా అది అంగీకారం కాదు, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో అత్యాచారం సెక్షన్ 63 అదే చెబుతుంది. మీ చెల్లి వద్దనే అంది కదా. ఇలాంటి ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్ కోసం 181 చేయండి.

బెజవాడ పిల్ల:
నాకూ మొదట ఫ్రీగానే ఇచ్చాడు, తర్వాత బాకీ అన్నాడు. సరుకు ఎవడి దగ్గరుంటే గది తాళం కూడా వాడి దగ్గరే. నా కాళ్లతో నేనే వెళ్లాను కాబట్టి నాదే తప్పనుకుని రెండేళ్లు నోరెత్తలేదు. "ఎందుకు వెళ్లావు" అని మాత్రం ఇవాళ అడక్కండి అక్కా. మానేయడం గురించి తర్వాత, దానికి డ్రగ్స్ మాన్పించే హెల్ప్‌లైన్ 14446 ఉంది.

తార్నాక అక్క:
ఆటోలో ఉన్నాం. బట్టలు బకెట్‌లోంచి తీసి ఆరేసే వచ్చాను. అమ్మకి చెప్పొద్దని మాత్రం పదిసార్లు అంది. నా చెప్పులు వేసుకుంది, తనకి పెద్దవి.