పంపు పునాది బోల్టులు మాటిమాటికీ వదులవుతున్నాయి: దిమ్మె పగలగొట్టాలా?

ప్రశ్న (మెయింటెనెన్స్ ఇంజినీరు):
నమస్కారం. మా కర్మాగారంలో కూలింగ్ వాటర్ కోసం నిరుడు ఒక సెంట్రిఫ్యూగల్ పంపు బిగించాము. పంపు, మోటారు, బేస్ ఫ్రేమ్ కలిపి 1,800 కిలోలు. వేగం నిమిషానికి 1,480 చుట్లు. పంపు కింది కాంక్రీటు దిమ్మె పొడవు 2.6 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు, మందం 0.75 మీటరు. 24 మి.మీ. బోల్టులను నిలబెట్టి నేరుగా వాటి చుట్టూ కాంక్రీటు పోశారు. తరువాత ఫ్రేమ్ కింద ఖాళీ పూడ్చేందుకు సిమెంటు, ఇసుక కలిపిన గ్రౌట్ (గట్టిపడే ముద్ద) నింపారు. పదిహేను రోజులకోసారి నట్లు వదులై, పంపు, మోటారు షాఫ్టులు (ఇరుసులు) ఒకే గీతలో ఉండాల్సిన అలైన్‌మెంట్ తప్పుతోంది. దిమ్మె చిన్నదైందని, పగలగొట్టి పెద్దది కట్టాలని కాంట్రాక్టరు గారు అంటున్నారు. అది సబబేనా?

మొదటి జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు):
తొందరపడకండి. మీ దిమ్మె 2.34 ఘనపు మీటర్లు. ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు) ఘనపు మీటరుకు 2,500 కిలోల చొప్పున 5,850 కిలోలు తూగుతుంది. సెంట్రిఫ్యూగల్ పంపుకు యంత్రం బరువుకు మూడు రెట్లు, పిస్టన్ పంపుకు ఐదు రెట్లు పునాది ఉండాలన్న వాడుక లెక్క ప్రకారం మీకు 5,400 కిలోలు చాలు. అయితే బరువొక్కటే చూస్తే సరిపోదు. మీ పంపు సెకనుకు దాదాపు 24.7 సార్లు తిరుగుతుంది కాబట్టి, పునాది సహజ కంపన సంఖ్య (కదిలిస్తే తనంతట తాను సెకనుకు ఊగే సార్లు) దానికి దగ్గరగా ఉండకూడదు; అది కింద ఉన్న నేలను బట్టి మారుతుంది గనుక మట్టి పరీక్ష నివేదికతో సరిచూడండి.

రెండో జవాబు (యంత్రాలు బిగించే పనిలో ఉన్నవారు):
నా అనుమానమంతా బోల్టుల మీదే. బిగించిన బోల్టు స్ప్రింగులా సాగి ఫ్రేమును పట్టి ఉంచుతుంది. సాగడానికి చోటు లేకపోతే పట్టు నిలవదు. చదరపు మి.మీ.కు 200 న్యూటన్ల బిగువులో 300 మి.మీ. స్వేచ్ఛగా ఉన్న బోల్టు 0.3 మి.మీ. సాగుతుంది. మీ బోల్టును కాంక్రీటు మెడదాకా పట్టేసింది కనుక, ఫ్రేమ్ అంచు, గ్రౌట్ మందం కలిపి 60 మి.మీ. మిగిలిందనుకున్నా సాగేది 0.06 మి.మీ. మాత్రమే. గ్రౌట్ 0.05 మి.మీ. అణిగిందంటే మొదటిదానిలో ఆరో వంతు బిగువే పోతుంది, రెండోదానిలో దాదాపు అంతా పోతుంది. అందుకే కాంక్రీటు పోసే ముందే బోల్టు పై భాగానికి గొట్టం తొడిగి, అందులోకి గ్రౌట్ దిగకుండా మెత్తని ఫోమ్ నింపాలి. ఒకసారి ఫ్రేము మీద సుత్తితో తట్టి చూడండి; కింద గ్రౌట్ లేని ఖాళీ ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
తట్టి చూశాము. మోటారు వైపు రెండు మూలల్లో డొల్ల చప్పుడు వస్తోంది. ఫ్రేమును ఎత్తి లెవెల్ చేయడానికి వాడిన జాక్ స్క్రూలు కూడా బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

రెండో జవాబు ఇచ్చినవారు:
అయితే ఫ్రేము గ్రౌట్ మీద కాక స్క్రూల మొనల మీద నిలబడి ఉంది. పంపు దించి పాత గ్రౌట్ తీసేయండి. బోల్టు ఎంత లోతు పాతారో డ్రాయింగులో చూసి, కింద మిగిలే పొడవు లాగుడుకు చాలుతుందని మొదటి జవాబు రాసిన ఇంజినీరు గారి వంటివారితో లెక్క వేయించుకున్నాకే, చుట్టూ 250 మి.మీ. లోతుకు చెక్కి గొట్టం తొడగండి. దిమ్మె పైపొరను కంకర తేలేదాకా చెక్కి ఎపాక్సీ (రెసిన్‌తో చేసిన) గ్రౌట్ పోయండి. అది గట్టిపడ్డాక జాక్ స్క్రూలు వెనక్కి తిప్పి, ఆ తరువాతే నట్లు టార్క్ రెంచితో (ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే పానాతో) బిగించండి. పైపులు కలిపేటప్పుడు పంపు, మోటారు షాఫ్టులను కలిపే కప్లింగ్ దగ్గర, సన్నని కదలికను కొలిచే డయల్ గేజి పెట్టండి. ఫ్లాంజీ (పైపును పంపుకు కలిపే అంచు) బిగిస్తుంటే షాఫ్టు 0.05 మి.మీ. కన్నా ఎక్కువ కదిలితే పైపు సపోర్టులు సరిచేయక తప్పదు.