రెండు చక్రాల రోబో వణుకు ఆగట్లేదు, ఎవరైనా చెప్పగలరా?

మాది విజయనగరం, ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. రెండు చక్రాల మీద నిలబడే రోబో నా ప్రాజెక్టు. పీఐడీతో (తప్పు ఎంతుందో చూసి మోటార్లను సరిదిద్దే మామూలు కంట్రోల్ పద్ధతి) నిలబడింది గానీ, వేలితో కాస్త గట్టిగా తోస్తే బొక్కబోర్లా పడేది. నాన్‌లీనియర్ కంట్రోల్ మీద పరిశోధన చేసే మా సార్ స్లైడింగ్ మోడ్ (రోబో స్థితిని ముందే గీసుకున్న ఒక గీత మీదికి బలంగా లాగి అక్కడే ఉంచే కంట్రోల్ పద్ధతి) పెట్టి చూడమన్నారు. పెట్టాను. ఇప్పుడు తోసినా పడట్లేదు, కానీ ఒకటే వణుకు! గేర్లు తుమ్మెదలా రొద చేస్తుంటే, బల్ల మీది స్టీలు గ్లాసు కూడా గలగలలాడుతోంది.

సైన్ ఫంక్షన్ (అదే, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి ఇచ్చేది) తీసేసి సాచురేషన్ (ఒక్కసారిగా తిరగబడకుండా మధ్యలో మెల్లగా మారేది) వాడాను. బౌండరీ లేయర్ (అలా మెల్లగా మారే పట్టీ) వెడల్పు పెంచితే వణుకు తగ్గింది, కానీ రోబో నిలబడే మెల్లగా గోడ వైపు జారిపోతోంది. స్లైడింగ్ సర్ఫేస్‌లో (పైన చెప్పిన గీత సమీకరణంలో) వంపు కోణం, దాని వేగం మాత్రమే ఉన్నాయి. చక్రాల స్థానం లేదు. తప్పు అక్కడేనని నా అనుమానం.

వాడినవి: ఆర్డ్యునో ఊనో బోర్డు, వంపు కొలిచే ఎంపీయూ 6050 సెన్సార్, మోటార్లకు కరెంటు ఇచ్చే ఎల్298ఎన్ డ్రైవర్, 12 వోల్టుల గేరు మోటార్లు. కంట్రోల్ లూప్ 10 మిల్లీసెకన్లకోసారి తిరుగుతుంది. ఆ డ్రైవర్ దాదాపు 2 వోల్టులు తనే మింగేస్తుందని తెలుసు, మార్చడానికి డబ్బుల్లేవు.

చక్రాలు ఎంత తిరిగాయో కొలిచే ఎన్‌కోడర్లు కొనక తప్పదా? సూపర్ ట్విస్టింగ్ (వణుకు తగ్గించడానికి వాడే మరో రకం స్లైడింగ్ మోడ్) పెడితే ఈ వణుకు పోతుందా, లేక గేర్ల లూజు వల్ల మళ్లీ మొదలవుతుందా? సిరిమానోత్సవం అయిన వారానికే రివ్యూ, ఒకటే టెన్షన్. శ్రీకాకుళం వైపు ఎవరైనా చేసినవాళ్లుంటే రోబో పట్టుకుని నేనే వస్తాను.