చేతి మీద టాటూ ఉంటే ఉద్యోగం రాదా? అర్జెంట్

నిద్రలేని పిట్ట:
రాత్రి తొమ్మిదింటి నుంచి ఇదే పని. యూట్యూబ్‌లో ఒకడు “టాటూ ఉన్నా ఏం కాదు బ్రో” అంటాడు, ఇంకొకడు “కనపడిందా, ఇంటికే” అంటాడు. కింద కామెంట్లు చదివితే ఉన్న మతి కూడా పోతోంది. ఇప్పుడు టైం ఒంటిగంటన్నర. టాటూ షాపు వాడు పొద్దున పదకొండింటికి రమ్మన్నాడు, 500 అడ్వాన్స్ కూడా ఇచ్చేశా. చేతి మీద, కనపడేలాగే. చిన్నదే. వేయించుకోవచ్చా, వద్దా? “మీ ఇష్టం” అని మాత్రం చెప్పకండి, దండం పెడతా.

సూటిగా:
ఏ ఉద్యోగం?

ఐటీ కూలీ:
తమ్ముడూ, దీనికి ఇంత టెన్షనా? మా టీం లీడ్‌కి మోచేతి దాకా డ్రాగనే. క్లయింట్ కాల్‌లో కనపడేది మొహం, చెయ్యి కాదు. నా మొదటి ఇంటర్వ్యూకి మణికట్టు మీది నక్షత్రం కనపడకుండా నడి ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకెళ్ళా. తీరా చూస్తే ఆ హెచ్‌ఆర్ మేడమ్‌కి మెడ మీద నాకంటే పెద్దది ఉంది. చెమటలు కక్కింది నేనొక్కణ్ణే. వేయించేసుకో.

పాత పెట్టె:
టాటూ, టాటూ అని ఫారిన్ సరుకులా మాట్లాడుతున్నారు గానీ, మన పచ్చబొట్టు ఏమైంది? మా నాయనమ్మ ఎడమ ముంజేతి మీద తేలు, దాని కింద మూడు చుక్కలు, ఆ కింద వాళ్ళ అన్న పేరు ఉండేవి. ఆమెకు చదువు రాదు, పొడిచిన ఎరుకలామెకూ రాదు, అందుకే పేరులో ఒక అక్షరం తిరగబడింది. పుట్టింటి గుర్తు అని చచ్చేదాకా దాన్ని తడుముకుంటూనే ఉంది. దీపం మసిలో గుంటగలగరాకు పసరు కలిపి, సూదులు కట్టగట్టి పొడిచేవాళ్ళట. కూలి కింద శేరు జొన్నలు, ఒక పాత చీర. “నగలు ఇక్కడే ఒలుచుకుంటారు, నాతో వచ్చేది ఇదొక్కటే” అనేది. ఆ రోజుల్లో పచ్చబొట్టు ఉందని ఎవరైనా పని ఇవ్వకుండా పోయారా?

సూటిగా:
మీ నాయనమ్మ మెడికల్ టెస్టుకి వెళ్ళలేదు. ఏ ఉద్యోగమో చెప్పు బాబూ.

ఐటీ కూలీ:
పాత పెట్టె గారూ, పచ్చబొట్టు వేరు, టాటూ వేరు. అది పొడిపించుకునేది, ఇది వేయించుకునేది. టాటూ ఇంగ్లీషు వాళ్ళది.

పాత పెట్టె:
ఇంగ్లీషు వాళ్ళదీ కాదు నాయనా. అది పసిఫిక్ దీవుల వాళ్ళ మాట. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తాహితీ వెళ్ళినప్పుడు నావికులు విని తెచ్చుకున్నారు. సూది గుచ్చి చర్మం కిందికి రంగు పంపితే అది పచ్చబొట్టే, మిషనైతేనేం, చెయ్యైతేనేం.

నిద్రలేని పిట్ట:
పచ్చబొట్టు గొడవ తర్వాత పెట్టుకోండి అన్నా. ఏ ఉద్యోగం అంటున్నారు, ఇది చెప్పాలా? ఈ గ్రూపులో అందరం రాసేది అదే కదా, జీడీ కానిస్టేబుల్, అదే, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో జనరల్ డ్యూటీ. రాత పరీక్ష అయింది, రోజూ గ్రౌండ్‌కి వెళ్తున్నా, 5 కిలోమీటర్లు 24 నిమిషాల లోపే కొడుతున్నా. టాటూలో బూతులేం లేవు, అమ్మ పేరు.

సూటిగా:
ఏ చెయ్యి?

రాయలసీమ రన్నర్:
ఏ చెయ్యి అయినా ఓకే తమ్ముడూ. మా బావమరిదికి కుడి చెయ్యి లోపలివైపు ఓం ఉంది. మెడికల్‌లో చూసి కూడా తీసుకున్నారు. ఇప్పుడు పోస్టింగ్‌లో ఉన్నాడు. ధైర్యంగా వేయించుకో.

రిటైర్డ్ హెడ్డు:
మీ బావమరిది వెళ్ళింది ఆర్మీకా, సీఆర్‌పీఎఫ్‌కా? ముందు అది చెప్పండి.

రాయలసీమ రన్నర్:
ఆర్మీనే సార్. రెండూ ఒకటేగా.

రిటైర్డ్ హెడ్డు:
ఒకటి కాదు. పిల్లలు మునిగేది ఇక్కడే. ఆర్మీలో మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపు, ఇంకా అరచేతి వెనక, రెండు చేతులకీ ఒప్పుకుంటారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటివన్నీ హోంశాఖ కిందికొస్తాయి. అక్కడ ముంజేయి లోపలివైపు అంటే ఎడమ చెయ్యి మాత్రమే. కుడి చేత్తో సెల్యూట్ కొడతాం కదా, అందుకు. దేవుడి బొమ్మైనా, పేరైనా అభ్యంతరం లేదు. సైజు మాత్రం ఆ భాగంలో పావు వంతు కంటే తక్కువ ఉండాలి. ఇదంతా జీడీ నోటిఫికేషన్‌లో మెడికల్ నిబంధనల దగ్గరే ఉంది. అందరూ ఖాళీలు, కటాఫ్ చూసి ఆ పేజీలు వదిలేస్తారు. ఛాతీ కొలత అరిగిపోయేదాకా చదువుతారు, దాని పక్కనున్న పేరా చదవరు.

నిద్రలేని పిట్ట:
కుడి చెయ్యి సార్. ఎవరైనా కుడికే కదా వేయించుకునేది. మణికట్టు నుంచి మొదలుపెట్టి నాలుగు అంగుళాలు, చుట్టూ తీగలాగా డిజైన్.

సూటిగా:
“చిన్నదే” అన్నావ్.

నిద్రలేని పిట్ట:
మా ఫ్రెండ్‌కి భుజం దాకా ఉందిలే, దాంతో పోలిస్తే చిన్నదే. పోనీ ఒక పని చేస్తే? రేపు వేయించేసుకుని, మెడికల్ డేట్ రాగానే లేజర్‌తో తీయించేస్తా.

స్కిన్ క్లినిక్ సుజాత:
చర్మవ్యాధుల క్లినిక్‌లో పనిచేస్తాను, ఈ మాట వారానికి ఇద్దరైనా అంటారు. లేజర్ రబ్బరుతో తుడిచినట్టు తుడిచేయదు. అది చర్మంలోని రంగును ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని మోసుకుపోవాల్సింది మీ ఒళ్ళే. అందుకే ఒక సిట్టింగ్‌కీ ఇంకోదానికీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటాం. అలాంటివి చాలా కావాలి. నలుపు కాస్త మాట వింటుంది, ఆకుపచ్చ మొండిది. మన చామనఛాయ ఒంటికి తెల్లమచ్చ మిగిలే ప్రమాదమూ ఉంది. మెడికల్ డేట్ వచ్చాక మొదలుపెడితే సగం చెరిగిన అమ్మ పేరుతో వెళ్తారు. మేకప్‌తో కప్పేస్తా అనకండి, మొన్న ఒకబ్బాయి అదే అడిగాడు.

ఇంకో మాట. వేయించుకునేటప్పుడు కొత్త సూది ప్యాకెట్ మీ కళ్ళ ముందే విప్పించండి. హెపటైటిస్ భయం ఉంటుంది. ఆ తర్వాత ఏడాది దాకా రక్తదానం కూడా కుదరదు.

ఐటీ కూలీ:
జీడీ అని ముందే చెప్పుంటే నేను వేయించుకోమనేవాణ్ణే కాదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాత పెట్టె:
పచ్చబొట్టును పచ్చ అని ఎందుకన్నారో ఒక్కరూ అడగలేదు. మసి నల్లనిదే. చర్మం కిందికి పోయి ఏళ్ళు గడిచాక ఆకుపచ్చగా తేలుతుంది. మా నాయనమ్మ తేలు చివర్లో చింతాకు రంగులోకి వచ్చింది. మీ ప్రాంతంలో దీన్ని ఇంకేమైనా అంటారా?

రాయలసీమ రన్నర్:
మేమూ పచ్చబొట్టే అంటాం. హెడ్డు సార్, రాష్ట్ర పోలీసుకి కూడా ఇదే రూలా?

రిటైర్డ్ హెడ్డు:
ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషనే చదువుకోవాలి బాబూ. ఒకదాన్ని చూసి ఇంకోదానికి చెప్పను. మీ బావమరిది కథ అలాగే బయల్దేరింది.

నిద్రలేని పిట్ట:
షాపు వాడికి మెసేజ్ పెట్టా, రేపు రానని. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడట. సరే, థ్యాంక్స్ అందరికీ. పడుకుంటా, ఐదింటికి గ్రౌండ్.

నిద్రలేని పిట్ట:
హెడ్డు సార్, ఒక్క డౌటు. ఎడమ చేతికి పావు వంతు అంటే మణికట్టు నుంచి మోచేతి దాకా కొలుస్తారా, లేక వేళ్ళతో కలిపా?