అప్‌డేట్: .30-30 బ్యారెల్‌ను .38-55కి రీబోర్ చేయించడం

లోపలి మెలి గీతలు (రైఫ్లింగ్) అరిగిన పాత విన్‌చెస్టర్ 1894 రైఫిల్ బ్యారెల్‌ను రీబోర్ చేయించి, అంటే రంధ్రం పెద్దది చేయించి, .30-30 తూటా నుంచి .38-55 తూటాకి మార్చవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పని పూర్తయింది. అమెరికాలో లైసెన్సున్న గన్‌స్మిత్ చేశాడు.

.30-30 తూటా పుట్టిందే .38-55 తూటా ఖోళం (కేస్) నుంచి. రెండిటి ఖోళం అడుగు అంచు కొలత ఒకటే కాబట్టి బోల్టు, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ ఖోళాన్ని బయటికి లాగే కొక్కెం) ముట్టుకోనక్కర్లేదు. పాత గాడుల (గీతల మధ్య లోతు భాగాల) వ్యాసం 0.308 అంగుళం, కొత్త రంధ్రం అంతకన్నా బాగా పెద్దది. పాత గీతల జాడ కూడా మిగలదు. ట్విస్ట్ (గీతల మెలిక) 12 అంగుళాలకో చుట్టు ఉండేది, ఇప్పుడు 18కి.

అసలు చిక్కు బ్యారెల్ గోడ మందంతో. అది తెలియాలంటే వెలుపలి వ్యాసంలోంచి కొత్త గాడి వ్యాసం తీసేసి సగం చేయండి. అందులోంచి సైట్ (గురి చూసే భాగం) బిగించడానికి బ్యారెల్ పైన కోసే డవ్‌టెయిల్ గాడి లోతు కూడా తీసేయాలి. చాలామంది మరిచేది ఇదే.

బటన్ రైఫ్లింగ్‌కి (గట్టి బటన్‌ను రంధ్రంలో లాగి గీతలు నొక్కే పద్ధతి) ఒప్పుకోవద్దు. కొసకు సన్నబడే బ్యారెల్‌లో పల్చని చోట లోహం ఎక్కువ సాగి రంధ్రం ఎగుడుదిగుడవుతుంది. గీతలను కోసి తీసే కట్ రైఫ్లింగే సరి. రీమర్ (రంధ్రాన్ని పెద్దది చేసే పనిముట్టు) పాత రంధ్రం వెంటే పోతుంది, వంకర ఉంటే అలాగే మిగులుతుంది.

గాడి కొలత ముందే తేల్చుకోండి: .38-55 బుల్లెట్లు 0.375 అంగుళంలోనూ 0.377 అంగుళంలోనూ దొరుకుతాయి. బ్యారెల్ మీద పాత క్యాలిబర్ ముద్ర కొట్టేయించి కొత్తది వేయించడం తప్పనిసరి.