డికీ ఓవెన్ ఆట గురించి పాత పత్రికల్లో ఎలా వెతకాలి?

రగ్బీలో స్వాన్సీ, వేల్స్ జట్లకు, ముందువరుస గుంపు నుంచి బంతి అందుకుని వెనకవాళ్లకు అందించే స్క్రమ్-హాఫ్‌గా ఆడిన డికీ ఓవెన్ గురించి చదువుతున్నాను. 1901 నుంచి 1912 దాకా వేల్స్ తరఫున 35 మ్యాచ్‌లు ఆడాడు. 1905 డిసెంబర్ 16న కార్డిఫ్‌లో న్యూజిలాండ్‌ని 3-0తో ఓడించిన ఆ ఒక్క ట్రైకి (ప్రత్యర్థి గోల్ గీత అవతల బంతిని నేలకు ఆనించి పాయింట్లు తెచ్చుకోవడం) ఎత్తు వేసింది ఇతనేనంటారు. కుడివైపు కదిలి, న్యూజిలాండ్ వాళ్లంతా అటు మళ్లగానే బంతిని వెనక్కి ఎడమవైపు విసిరాడు. చివరికి మూలలో ట్రై కొట్టింది టెడ్డీ మోర్గాన్.

వేల్స్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టిన పాత పత్రికల్లో 'ఓవెన్' అని కొడితే ఊళ్లో ఓవెన్లంతా వచ్చి పడుతున్నారు, మన దగ్గర 'రావు' అని వెతికినట్టే! స్వాన్సీ క్లబ్ మ్యాచ్‌ల రిపోర్టులే వచ్చేలా ఎలా వడకట్టాలి? అప్పట్లో ఆటకి జీతం లేదు కదా, ఉక్కు కార్మికుడైన ఇతనికి మ్యాచ్ రోజున కూలి పోయేదా? కార్డిఫ్, స్వాన్సీ వైపు ఉంటున్నవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి.